ఏడుపు సీన్‌కి నాలుగు వయొలిన్లు చాలా?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. 'షిండ్లర్స్ లిస్ట్' థీమ్ విన్నాక వారం రోజులు ఇంకేమీ వినబుద్ధి కాలేదన్నారు. సినిమాల్లో అలాంటి విషాద ఆర్కెస్ట్రా సంగీతం ఇంకా ఏముందో, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నారు. పోతూ పోతూ ఒక చురక కూడా అంటించారు: ఏడుపు సీన్‌కి నాలుగు వయొలిన్లు పెడితే సరిపోతుంది కదా, అందులో అంత గొప్పేముంది అని. ముందు ఆ చురక సంగతి చూద్దాం. అది తేలితే ఏం వినాలో దానంతటదే తేలుతుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా రికార్డింగుల్లో వయోలా వాయించాను. వయోలా వయొలిన్ కంటే కాస్త పెద్దది, దాని గొంతు కాస్త కిందది. సినిమాలో అది మోగుతోందని ఎవరూ గమనించరు. ఆపేస్తే మాత్రం ఏదో వెలితి తెలుస్తుంది. అలా మధ్యలో కూర్చునేవాడికి ఒక సౌకర్యం ఉంది. పైన వయొలిన్లు ఏం చేస్తున్నాయో, కింద చెల్లోలు, డబుల్ బాసులు ఏం చేస్తున్నాయో రెండూ చెవిన పడతాయి. విషాద సన్నివేశాలకు వాయించగా వాయించగా నాకు అర్థమైందేమిటంటే, వాయించేవాళ్లే ఏడ్చేస్తే చూసేవాళ్లకు ఇక ఏడుపు రాదు.

ఒకసారి ఆర్.ఆర్. జరుగుతోంది (రీరికార్డింగ్‌ని మేం అలాగే అంటాం). తండ్రి పోయిన కొన్నాళ్లకు కూతురు ఆయన కళ్లజోడు తుడిచి, డబ్బాలో పెట్టి మూత వేసే సీన్. మహా అయితే నిమిషంన్నర. మాటల్లేవు. నొటేషన్‌లో వయొలిన్లు పై స్థాయిలో సాగుతున్నాయి, మేం కింద కార్డ్స్ (కలిసి ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) పట్టుకోవాలి. మొదటి టేక్‌లో అందరం ప్రాణం పెట్టి వాయించాం. విబ్రాటో దంచేశాం. అంటే వేలిని తీగ మీద ఊపుతూ స్వరాన్ని వణికించడం. మా గమకానికి దూరపు చుట్టం అనుకోండి. తీరా తెర మీద బొమ్మతో కలిపి వింటే సీన్ చచ్చిపోయింది. ఆ అమ్మాయి నెమ్మదిగా కళ్లజోడు తుడుస్తుంటే మేం పక్కన గుండెలు బాదుకుంటున్నట్టుంది.

సంగీత దర్శకుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మ్యూట్లు పెట్టండి" అన్నారు. మ్యూట్ అంటే రబ్బరుదో చెక్కదో చిన్న ముక్క. తీగలు ఆనే బ్రిడ్జి మీద దాన్ని తొడిగితే శబ్దం తగ్గడమే కాదు, దాని అంచులు కూడా మెత్తబడతాయి. రెండో టేక్ బాగానే ఉంది. "ఇప్పుడు విబ్రాటో తీసేయండి" అన్నారు. మూడో టేక్. "డబుల్ బాసులు వాయించకండి, వట్టినే కూర్చోండి" అన్నారు. నాలుగో టేక్‌లో ఆ సంగీతం పక్క గదిలో ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు వచ్చింది. కింద నేల లేదు, పైన వణుకు లేదు. డబ్బా మూత పడిన చిన్న 'టిక్' శబ్దం మా వాయింపు మధ్యలోంచి స్పష్టంగా వినబడింది. అంతే, ఆ టేకే ఖాయమైంది. ఒక్క స్వరం కూడా మార్చలేదు, తీసేస్తూ పోయాం.

దీనికి సరిగ్గా తిరగబడ్డ అనుభవం మరో సినిమాలో అయింది. ఎవరిదని చెప్పను. సెకను కూడా ఖాళీ ఉండకూడదని పట్టుబట్టారు. తెర మీద తల్లి ఏడుస్తోంది. ఆవిడ ఏడుపు ఏ స్థాయిలో ఉందో మా మొదటి వయొలిన్లకూ అదే స్థాయిలో రాశారు. ఒకే స్థాయిలో రెండు గొంతులు మోగితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఆవిడ గొంతు మధ్యలో ఒకచోట నిజంగా పూడుకుపోయింది, అద్భుతంగా చేసింది, అదే వినబడకుండా పోయింది. మిక్సింగ్‌లో మమ్మల్ని తగ్గించారు, ఆ తర్వాత ఆవిణ్ణి పెంచారు, మళ్లీ మమ్మల్ని పెంచారు. చివరికి రెండూ వినబడలేదు. అంటే నాలుగు వయొలిన్లు పెడితే చాలన్న మీ మాట అబద్ధమేం కాదు. చాలామంది చేసేది అదే. ఫలితం కూడా అలాగే ఉంటుంది.

ఈ కిటుకు భవభూతికి ఎప్పుడో తెలుసు. 'ఉత్తరరామచరితం'లో రాముడి శోకాన్ని పుటపాకంతో పోలుస్తాడు. మందు తయారు చేసేవాళ్లు మూలికల్ని మూసేసి, పైన మన్ను మెత్తి నిప్పుల్లో పెడతారు. లోపల ఉడికిపోతుంటుంది, పైకి పగుళ్లుండవు. నేను కింద చెప్పబోయే కృతులన్నీ ఇంచుమించు ఆ బాపతువే.

బార్బర్‌తో మొదలుపెడతాను, తప్పదు. శామ్యూల్ బార్బర్ 'అడాజియో ఫర్ స్ట్రింగ్స్' అసలు సినిమా కోసం రాసింది కాదు. 1936లో, తన 26వ ఏట, ఒక స్ట్రింగ్ క్వార్టెట్‌లో (రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో వాయించే కృతి) నెమ్మది భాగంగా రాశాడు. దాన్నే తీగ వాద్యాల ఆర్కెస్ట్రాకు మార్చితే 1938 నవంబరులో కండక్టర్ టోస్కనీని న్యూయార్క్ నుంచి రేడియోలో వినిపించాడు. 1945లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చనిపోయినప్పుడు రేడియోలో దీన్నే వేశారు. సినిమాల్లోకి గట్టిగా వచ్చింది 1980లో, డేవిడ్ లించ్ తీసిన 'ది ఎలిఫెంట్ మ్యాన్' చివర్లో. 1986లో ఆలివర్ స్టోన్ 'ప్లటూన్'తో లోకమంతా పాకింది.

మొదట ఎవరైనా దాన్ని శోకసంగీతం అనే వింటారు. వాయించేవాడికి మాత్రం అది మెట్లెక్కడం. వయొలిన్లు ఒకే ఒక స్వరాన్ని పట్టుకుని నిలబడతాయి. కింద మిగతావి మెల్లగా వచ్చి చేరతాయి. అక్కణ్ణుంచి చాలామట్టుకు పక్కపక్క స్వరాల మీదుగానే నడక, పెద్ద గెంతులు తక్కువ. కొంచెం ఎక్కడం, కొంచెం దిగడం, మళ్లీ ఇంకొంచెం ఎక్కడం. వయొలిన్ల తర్వాత ఆ పాట వయోలాలకు వస్తుంది. మా జీవితంలో ఇలాంటివి తక్కువే, అందుకని ఆ చోట మేమంతా కాస్త నిటారుగా కూర్చుంటాం. తర్వాత చెల్లోలు అందుకుంటాయి. ఒక్కో స్వరం ఎంత పొడవంటే మధ్యలో బో (వాయించే కమాను) అయిపోతుంది. అందరూ ఒకేసారి బో తిప్పితే పాట తెగినట్టు వినబడుతుంది. కాబట్టి పక్కవాడు తిప్పినప్పుడు నేను తిప్పకూడదు, నేను తిప్పినప్పుడు వాడు పట్టుకోవాలి. ఇరవైమంది ఊపిరి పీల్చుకునే సమయాలు ఒకరికొకరు పంచుకోవడమన్నమాట. వినేవాడికి మాత్రం ఊపిరే తీసుకోని ఒకే పొడుగు వాక్యం వినబడుతుంది.

అలా ఎక్కీ ఎక్కీ అందరూ తమ తమ పై అంచుకు చేరతారు. చెల్లోలు కూడా తమ మామూలు బొంగురు గొంతు వదిలేసి పైకి పోయి గట్టిగా నిలబడతాయి. ఇక్కడ ఇంకెవరైనా అయితే డ్రమ్ములు మోగించేవాళ్లు. బార్బర్ ఆపేశాడు. పూర్తి నిశ్శబ్దం. హాల్లో వాయిస్తుంటే ఆ ఖాళీలో జనం దగ్గు కూడా ఆపుకుంటారు. తర్వాత కింది స్థాయిలో కొన్ని కార్డ్స్, మళ్లీ మొదటి పాట, ఈసారి ఓపిక లేనట్టు. ఆఖరి కార్డ్ ఇంకా విచిత్రం: పాట మొదలైన ఇంటికి తిరిగి రాదు, గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మన భాషలో చెప్పాలంటే షడ్జమం మీద కాకుండా పంచమం మీద నిలబెట్టి వదిలేసినట్టు. విన్నాక మనసులో ఏదో తెరిచి ఉండిపోయినట్టు అనిపించేది అందుకే. ఇప్పుడు దాన్ని ప్రతి నివాళి వీడియోకీ వాడేసి అరగదీశారు, ఒప్పుకుంటాను. అయినా సినిమా, వీడియో ఏమీ లేకుండా ఒక్కసారి మొత్తం ఎనిమిది నిమిషాలూ విని చూడండి.

దీనికి జోడీగా అందరూ చెప్పేది ఆస్ట్రియా స్వరకర్త మాలర్ ఐదో సింఫనీలోని 'అడాజియెట్టో'. స్ట్రింగ్స్ (తీగ వాద్యాలు), ఒక హార్ప్, అంతే. 1971లో విస్కోంటి 'డెత్ ఇన్ వెనిస్' సినిమాకు దీన్నే ఆత్మగా వాడుకున్నాడు. థామస్ మాన్ కథలో రచయితగా ఉన్న నాయకుణ్ణి సినిమాలో ఏకంగా స్వరకర్తగా మార్చేశాడు. ఇక్కడ ఒక తమాషా ఉంది. మాలర్‌కి సన్నిహితుడైన కండక్టర్ మెంగెల్‌బర్గ్ తన నొటేషన్ ప్రతిలో రాసుకున్న మాట ప్రకారం ఇది చావు సంగీతం కాదు, తర్వాత తన భార్య అయిన ఆల్మాకి మాలర్ రాసిన ప్రేమలేఖ! పాత రికార్డింగుల్లో ఇది ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. తర్వాతి వాళ్లు సాగదీసి సాగదీసి పన్నెండు నిమిషాల దాకా తెచ్చారు. 1968లో రాబర్ట్ కెన్నెడీ అంత్యక్రియల్లో కండక్టర్ బెర్న్‌స్టైన్ దీన్ని వాయింపజేశాడు. ఆ మూడేళ్లకు ఈ సినిమా వచ్చింది. అవే స్వరాలు, అదే కాగితం. నడక నెమ్మదించేసరికి ప్రేమలేఖ కాస్తా శోకగీతమైపోయింది. రెండు రకాల రికార్డింగులూ పక్కపక్కన పెట్టి వినండి, నేను చెప్పేదాని కంటే మీకే ఎక్కువ తెలుస్తుంది.

ఇంగ్లీషు స్వరకర్త ఎల్గర్ 'నిమ్రోడ్' సంగతీ అంతే. 1899లో ఒక స్నేహితుడి గుణగణాల మీద రాసిన ముక్క. పైగా మేజర్ స్కేల్ (మామూలుగా సంతోషంగా వినబడేది), ఏడుపు కాదు. బ్రిటన్‌లో యుద్ధమృతుల స్మారక దినాన దాన్ని వాయిస్తూ వాయిస్తూ నివాళి గీతం చేసేశారు. 2017లో వచ్చిన 'డన్‌కర్క్'లో బెంజమిన్ వాల్‌ఫిష్ దాన్ని గుర్తుపట్టలేనంతగా సాగదీశాడు. పాట పోయి పొగమంచు మిగిలింది. ఎక్కడో ఒక మలుపులో 'అరే, ఇది నిమ్రోడ్ కదా' అని చెవికి తగులుతుంది. తగిలిన చోట కళ్లు చెమరుస్తాయి. విషాదమంటే మైనర్ కార్డే అనుకునేవాళ్లకు ఇది మంచి విరుగుడు.

ఇక మౌనం. నా లెక్కలో సినిమా శోకసంగీతంలో శిఖరం కురొసావా 'రాన్' (1985). తొరు తకెమిత్సు సంగీతం. ముసలి రాజు దాక్కున్న కోట మీద సొంత కొడుకుల సైన్యాలే విరుచుకుపడతాయి. బాణాలు, మంటలు, నెత్తురు, కుప్పలుగా శవాలు. దర్శకుడు ఆ శబ్దాలన్నీ నొక్కేశాడు. గుర్రపు డెక్కల చప్పుడు లేదు, కేకలు లేవు. నోళ్లు తెరుచుకుంటాయి, గొంతులు వినబడవు. ఆ బొమ్మల మీద నెమ్మదిగా, భారంగా ఆర్కెస్ట్రా నడుస్తుంటుంది, మాలర్ ఛాయలుంటాయి. ఆ సంగీతం ఎవరి పక్షమూ కాదు. యుద్ధాన్ని రెచ్చగొట్టదు, చచ్చేవాడి కోసం ప్రత్యేకంగా ఆగదు. ఎంతోసేపు అలా సాగాక హఠాత్తుగా ఒక తుపాకి పేలుతుంది. పెద్ద కొడుకు గుర్రం మీంచి పడతాడు. సంగీతం తెగిపోయి లోకంలోని చప్పుడంతా ఒక్కసారిగా మీద పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు కుర్చీలో ఎగిరిపడ్డాను. వృత్తిరీత్యా తర్వాత చాలాసార్లు చూశాను, ప్రతిసారీ తుపాకి ఎక్కడొస్తుందో తెలుసు, అయినా ఎగిరిపడతాను.

తకెమిత్సు 90కి పైగా సినిమాలకు పనిచేశాడు. హిరోషిమా తర్వాతి జీవితాల మీద ఇమామురా తీసిన 'బ్లాక్ రెయిన్' (1989) సంగీతం కూడా వెతికి వినండి. తర్వాత ఆయనే తన సినిమా సంగీతంలోంచి మూడు ముక్కలు స్ట్రింగ్స్ కోసం ఏర్చి కూర్చాడు. మధ్యలోది ఈ సినిమాదే, పేరు 'ఫ్యూనరల్ మ్యూజిక్'. దాన్ని వాయించడం పీడకల. స్వరాలు కష్టం కాదు, శబ్దం అంచు ఎక్కడా గరుకు తేలకూడదు, అదీ కష్టం.

శబ్దం తీసేసి సంగీతం పెట్టడమనే ఈ పని మన సత్యజిత్ రాయ్ 1955లోనే చేశాడు. 'పథేర్ పాంచాలి'లో ఊరినుంచి తిరిగొచ్చిన తండ్రి కూతురి కోసం తెచ్చిన చీర తీస్తాడు. ఆ పిల్ల లేదని ఆయనకు తెలియదు. తల్లి ఆ చీరను పట్టుకుని ఏడుస్తుంది. ఆవిడ గొంతు మనకు వినబడదు, దాని బదులు తార్ షెహనాయ్ (కమానుతో వాయించే తీగవాద్యం) పై స్థాయిలో మోగుతుంది. సంగీతం రవిశంకర్‌ది. ఆర్కెస్ట్రా కాదు కాబట్టి మీ ప్రశ్నకు బయటిదే. కానీ ఇది చెప్పకుండా ముందుకెళ్లడం నా వల్ల కాదు. ఇందాక చెప్పాను కదా, తల్లి ఏడుపూ వయొలిన్లూ ఒకదాన్నొకటి మింగేశాయని. ఇక్కడ రెండిట్లో ఒకటే ఉంచారు, గొడవే లేదు.

స్పీల్‌బర్గ్ 'సేవింగ్ ప్రైవేట్ రయన్' (1998)లో ఇంకో దారి పట్టాడు. ఒమాహా తీరంలో సైనికులు దిగే దాదాపు 25 నిమిషాల ఆ ఊచకోతకు సంగీతమే లేదు. జాన్ విలియమ్స్ సంగీతం అంతా అయ్యాక, చచ్చినవాళ్ల మీదుగా కెమెరా కదిలేటప్పుడు గానీ రాదు. 'హిమ్ టు ది ఫాలెన్' అయితే ఆఖరి పేర్లు పడేటప్పుడు. మాటల్లేని కోరస్, బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఇత్తడి బూరలు), దూరంగా డ్రమ్ము. చాలామంది అప్పటికి లేచి వెళ్లిపోతుంటారు. పేర్లయ్యేదాకా కూర్చున్నవాళ్లకే దొరుకుతుంది అది.

మీరు విన్న షిండ్లర్స్ లిస్ట్ (1993) సంగీతం కూడా విలియమ్స్‌దే. వయొలిన్ ఇట్జాక్ పెర్ల్‌మన్. సినిమా చూసి విలియమ్స్ బయటికెళ్లి కాస్త తిరిగొచ్చి, దీనికి నాకంటే మంచి స్వరకర్త కావాలన్నాడట. స్పీల్‌బర్గ్ "నిజమే, కానీ వాళ్లంతా చనిపోయారు" అన్నాడట. విలియమ్స్ స్వయంగా చెప్పుకునే ముచ్చట ఇది. థీమ్ గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. కానీ ఈసారి సినిమాలో ఎర్రకోటు పాప ఘెట్టోలో (యూదుల్ని నిర్బంధించిన పేటలో) ఒంటరిగా నడిచే చోట వినండి. అక్కడ వయొలిన్ కాదు, పిల్లల కోరస్ ఉంటుంది. అది యిడ్డిష్‌లో (తూర్పు యూరప్ యూదుల భాష) ఒక పాత పాట. పొయ్యి పక్కన వెచ్చటి చిన్న గదిలో పంతులు పసిపిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంటాడు, దాని మీద పాట. అంతటి దారుణం మీద అ ఆ ఇ ఈ పాట పెట్టారు! భాష తెలియకుండా విన్నప్పుడు అందంగా ఉందనుకున్నాను. అర్థం తెలిశాక ఆ సీన్ మళ్లీ చూడటానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

అదే ఏడు వచ్చిన కీస్లోవ్‌స్కీ 'త్రీ కలర్స్: బ్లూ'లో ప్రెయిస్నర్ సంగీతం మరీ వేరు. నాయిక భర్త స్వరకర్త. ఆయనా, కూతురూ ప్రమాదంలో పోతారు. ఆవిడ ఆసుపత్రి మంచం మీంచి అంత్యక్రియలను చిన్న టీవీలో చూస్తుంది. ఆ తర్వాత ఎవరితోనో మాట్లాడుతూ ఉండగా ఉన్నట్టుండి తెర నల్లగా అయిపోతుంది, ఆ అంత్యక్రియల సంగీతం పూర్తి ఆర్కెస్ట్రాతో దభాలున మీద పడుతుంది. కొన్ని సెకన్లే. మళ్లీ బొమ్మ వస్తే అదే చోటు, అదే మాట, క్షణం కూడా కదల్లేదు. పక్కన కూర్చున్న మనిషికి ఏమీ తెలియదు. దగ్గరివాళ్లని పోగొట్టుకున్నవాళ్లకు ఇది ఎలా ఉంటుందో వివరించక్కర్లేదు. కూరగాయలు తరుగుతుంటేనో, ఫోన్లో మాట్లాడుతుంటేనో అలాగే వచ్చి కొట్టి పోతుంది. కీస్లోవ్‌స్కీ పోయాక ప్రెయిస్నర్ ఆయన జ్ఞాపకంగా ఒక రెక్వియెమ్ (పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థనా సంగీతం) రాశాడు. అందులోని 'లాక్రిమోసా'ని మాలిక్ 'ది ట్రీ ఆఫ్ లైఫ్' (2011)లో సృష్టి పుట్టుక దృశ్యాలకు వాడాడు. ఒక బిడ్డ పోయిన ఇంటి కథలో గ్రహాలూ నక్షత్రాలూ పుడుతుంటే ఆ ఏడుపు వినబడుతుంది. అతి అన్నవాళ్లున్నారు. నాకు అతి అనిపించలేదు.

పాతవాటిలో ఒకటి తప్పకుండా. 1944లో లారెన్స్ ఒలీవియె తీసిన 'హెన్రీ ది ఫిఫ్త్'కి విలియం వాల్టన్ రాసిన 'ఫాల్‌స్టాఫ్ మరణం'. మూడు నిమిషాలే, స్ట్రింగ్స్ మాత్రమే. ఇది పసకాలియా. కింద బాసులో ఒక చిన్న వరస మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది, పైన మాత్రం పాట మారుతుంటుంది. యూరప్ సంగీతంలో శోకానికి ఈ పద్ధతి మూడొందల ఏళ్లకు పైబడినది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు స్వరకర్త పర్సెల్ ఒపెరాలో డైడో రాణి చావు పాటకు బాసు అర్ధస్వరాల మీద ఒక్కో మెట్టూ దిగుతూ, మళ్లీ మొదటికొచ్చి, మళ్లీ దిగుతుంది. పైన మనిషి ఎంత వేడుకున్నా కింద ఆ దిగుడు ఆగదు. విషాద సంగీతం వింటున్నప్పుడు ఈసారి పై పాటను వదిలేసి బాసు వెంట వెళ్లండి. సగం గుట్టు అక్కడే ఉంటుంది.

ప్రొకోఫియెవ్ 'అలెగ్జాండర్ నెవ్‌స్కీ' (1938, ఐసెన్‌స్టైన్) మంచు మీది యుద్ధానికే పేరు. నాకు దాని తర్వాత వచ్చే 'చనిపోయినవాళ్ల మైదానం' ముఖ్యం. కంఠం ఉంది కాబట్టి మీ షరతు తప్పింది, కానీ కింద ఆర్కెస్ట్రా ఎంత తక్కువ వాయిస్తుందో గమనించండి. జార్జ్ దెలెర్యూ 'లె మెప్రి' (1963)కి రాసిన కామీ థీమ్ ఎవరూ చావకముందే చావు వాసన కొడుతుంది. స్కార్సెసె 32 ఏళ్ల తర్వాత దాన్నే 'కసీనో'లో తెచ్చిపెట్టుకున్నాడు. గోల్డ్‌స్మిత్ 'చైనాటౌన్' (1974) పది రోజుల్లో రాసింది. నాలుగు పియానోలు, నాలుగు హార్పులు, స్ట్రింగ్స్, పెర్కషన్, ఒక ఒంటరి ట్రంపెట్. 'ది లయన్ కింగ్' (1994) పిల్లల సినిమా అని వదిలేయకండి. తండ్రి సింహం చనిపోయే చోట హాన్స్ జిమ్మర్ రాసింది నిజమైన శోకం. తన ఆరేళ్లప్పుడే తండ్రిని పోగొట్టుకున్నానని, ఆ సినిమా పని తనను అక్కడికి తీసుకెళ్లిందని ఆయనే చెప్పాడు.

ఇటలీ స్వరకర్త మొరికోనె దగ్గర కాస్త ఆగాలి. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా' (1984)లో డెబొరా థీమ్. సెర్జియో లియోనె షూటింగ్‌కి ముందే సంగీతం సిద్ధం చేయించుకుని సెట్లో మోగించేవాడు, నటులు ఆ నడకలోనే కదిలేవాళ్లు. ఈ థీమ్‌లో మొదటి పదం పలికి ఆగుతుంది. ఇంకో పదం పలికి ఆగుతుంది. ఆ ఆగుళ్లలో తర్వాతి స్వరం వస్తుందో రాదోనని చెవి చాచి కూర్చుంటాం. ఎడ్డా దెల్లోర్సో గొంతు కూడా మాటల్లేకుండా స్ట్రింగ్స్‌లో ఒకటిగా కలిసిపోతుంది. మాటల్లేని ఆడగొంతుని శోకానికి వాడటం 2000లో వచ్చిన 'గ్లాడియేటర్' తర్వాత అంటువ్యాధి అయింది. అందులో లిసా జెరార్డ్ బాగా పాడింది, ఆవిడ తప్పేం లేదు. కానీ ఆ తర్వాత పదేళ్లు ఎవడు చచ్చినా వెనకాల ఒకావిడ దీర్ఘాలు తీయడం మొదలైంది. నేనే ఎన్నింటికి కింద కార్డ్స్ పట్టానో లెక్కలేదు.

ఇళయరాజా ఏడీ అని మీరు అడిగేలోపే చెప్తున్నాను: ఆయన బ్యాక్‌గ్రౌండ్ స్ట్రింగ్స్ గురించి విడిగానే రాయాలి, ఇందులో ఇరికిస్తే అన్యాయం.

ఎక్కడ మొదలుపెట్టాలన్నారు. మొదట వాల్టన్ మూడు నిమిషాలు. చిన్నది కాబట్టి వెంటవెంటనే రెండుసార్లు వినండి, రెండోసారి బాసు వెంటే. తర్వాత బార్బర్. తర్వాత 'రాన్', 'బ్లూ' సినిమాలుగానే చూడండి, ఆ సంగీతాన్ని విడదీస్తే సగమే వస్తుంది. పోలెండ్ స్వరకర్త గొరెత్స్కీ మూడో సింఫనీ (1976) మీకు ఖాళీ సాయంత్రం ఉన్నప్పుడు. పీటర్ వియర్ 'ఫియర్‌లెస్' (1993)లో విమానం కూలే ఘట్టానికి దాని మొదటి భాగం వాడాడు. డబుల్ బాసుల దగ్గర గొణుగుడులా మొదలై ఒక్కో పొరా పైకి చేరుతూ వస్తుంది. రెండో భాగంలో సోప్రానో (పై స్థాయి ఆడగొంతు) పాడే మాటలు 1944లో ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయి గెస్టపో (నాజీల రహస్య పోలీసు) జైలు గోడ మీద గీసినవి. అమ్మా, ఏడవకు అని మొదలవుతాయి.

ఆఖరున ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పార్ట్ 'కాంటస్'. ఇంగ్లీషు స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ పోయాక 1977లో ఆయన జ్ఞాపకంగా రాశాడు. 'ఫారెన్‌హీట్ 9/11' (2004)లో ఉంది. స్ట్రింగ్స్, ఒక గంట. వాయించేది ఒకే ఒక అవరోహణ. మైనర్ స్కేల్ పైనుంచి కిందికి. వయొలిన్లు ఒక వేగంలో దిగుతుంటే తర్వాతి వరస సగం వేగంలో, ఆ తర్వాతిది అందులో సగంలో, అలా బాసుల దాకా. అందరూ అదే మెట్లు దిగుతున్నారు, ఎవరి అడుగు వాళ్లది. ఒక్కో వరస తన ఆఖరి మెట్టుకు చేరి అక్కడే నిలబడిపోయి మిగతావాళ్ల కోసం ఎదురుచూస్తుంది. అందరూ చేరాక పెద్ద శబ్దంతో ఆ కార్డ్ నిలుస్తుంది. సరిగ్గా అక్కడ గంటను మెల్లగా ఒకసారి కొడతారు. స్ట్రింగ్స్ హోరులో ఆ దెబ్బ వినబడదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, వాల్యూమ్ మరీ తగ్గించకండి. స్ట్రింగ్స్ ఒక్కసారిగా ఆగిపోగానే అయిపోయిందనుకుని చెయ్యి ప్లేయర్ మీదికి పోతుంది. ఆపకండి. ఇంతసేపూ ఎప్పుడు కొట్టారో తెలియని ఆ గంట ఇంకా మోగుతూ ఉంటుంది. దాని లోపలి నాదంలో మేజర్ స్వరం ఒకటి సన్నగా వినబడుతుంది.